తోక మీది అంకెలే చిరునామా
విశాఖపై దాడికి వచ్చిన నౌకదే అకుటాన్‌లో దొరికిన ‘జీరో’

విశాఖపట్నం: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు కురిపించాయి. నాటి బాంబు షెల్ ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. ఆ విమానాలను పంపిన నౌక పేరు ‘ర్యుజో’. రెండు నెలలైనా తిరగకముందే, జూన్ 4న, అదే నౌక నుంచి లేచిన ‘జీరో’ యుద్ధ విమానం ఒకటి అలాస్కాకు చెందిన అకుటాన్ దీవిలో కూలింది. విశాఖకు వచ్చినవి బాంబులు వేసే మూడు సీట్ల విమానాలు కాగా, ఇది ఒంటరి పైలట్ నడిపే ఫైటర్.

డచ్ హార్బర్‌పై దాడిలో తూటా తగిలి ఆయిల్ కారిపోతుండగా, 19 ఏళ్ల తదయోషి కోగా దానిని అకుటాన్‌లో దించబోయాడు. పైనుంచి పచ్చిక మైదానంలా కనిపించినది నిజానికి బురదనేల. చక్రాలు దిగబడి విమానం తలకిందులైంది. కోగా అక్కడికక్కడే మరణించాడు. శత్రువుకు చిక్కకుండా దానిని ధ్వంసం చేయవలసిన సహచరులు, అతడు బతికే ఉన్నాడేమోనన్న శంకతో తుపాకులు పేల్చలేకపోయారు. జూలై 10న అమెరికా గస్తీ విమానం కంటపడేవరకు అది అలాగే పడి ఉంది.

గుర్తులు చెప్పే కథ

రెక్కలపై ఎర్రని సూర్యబింబం దేశాన్ని మాత్రమే చెబుతుంది. అసలు చిరునామా తోకపై ఉంటుంది. ఈ విమానం తోకపై ‘డీఐ-108’ అని ఉంది. ‘డీ’ అంటే నాలుగో విమానవాహక దళం. పక్కనున్నది ఇంగ్లిషు అక్షరం కాదు, రోమన్ అంకె ఒకటి. అంటే ఆ దళంలో మొదటి నౌక, ర్యుజో. వంద వరుస సంఖ్యలు ఫైటర్లకు, మూడు వందల వరుస దాడి విమానాలకు కేటాయించేవారు. ఇక తయారీ సంఖ్య 4593. మిత్సుబిషి సంస్థ దీనిని 1942 ఫిబ్రవరి 19న నిర్మించింది. ‘జీరో’ అన్న పేరూ ఒక సంఖ్యే. జపాన్ రాజశకం 2600, అనగా 1940లో సైన్యంలో చేరినందున చివరి సున్నా పేరుగా నిలిచింది.

శాన్‌డియాగోలో మరమ్మతు చేసి 1942 సెప్టెంబరులో ఎగురవేయగా దాని లోపాలు బయటపడ్డాయి. అధిక వేగంలో అటూఇటూ ఒరగడం కష్టం. ముక్కును ఒక్కసారిగా కిందికి వంచితే ఇంజిన్ ఆగిపోతుంది. అంతవరకు అజేయమనిపించిన విమానాన్ని ఎదుర్కొనే కిటుకులు అమెరికా పైలట్లకు ఇలా అందాయి.

మనిషికి లేని నంబరు

విమానం వివరాలన్నీ చెప్పిన గుర్తులు పైలట్ పేరు చెప్పలేదు. కోగాను అక్కడే పూడ్చిపెట్టారు. 1988లో రచయిత జిమ్ రియర్డెన్ ఆ సమాధిని కనుగొంటే అది ఖాళీగా ఉంది. 1947లోనే అవశేషాలను అడాక్ దీవికి తరలించినట్లు రికార్డుల్లో తేలింది. అడాక్‌లోని జపాన్ సైనికుల అవశేషాలను 1953లో వెలికితీసి స్వదేశానికి పంపారు. వారిలో అత్యధికులను గుర్తించలేకపోయారు. కోగా పేరుతో వేరుగా సమాధి లేదు.

1945 ఫిబ్రవరిలో శాన్‌డియాగో రన్‌వేపై మరో విమానం ప్రొపెల్లర్ తగిలి 4593 నుజ్జయింది. దాని మీటర్లు కొన్ని అమెరికా నౌకాదళ మ్యూజియానికి చేరాయి.