నాన్న సైకిల్ సీటు ఎందుకు చిరిగింది?

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో పొద్దున్నే రోడ్డు మీద నిలబడితే మరమగ్గాల షిఫ్టు మారే వేళకు సైకిళ్లు వరుస కడతాయి. వాటి మీద వెళ్లేవారిలో తెలుగువాళ్లు ఎందరో ఉంటారు. తెలంగాణ పల్లెల నుంచి నేతపని మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలవి. మా నాన్న కూడా అలా సిరిసిల్ల నుంచి వచ్చినవాడే. ఆయన పాత సైకిలుకు తోలు సీటు ఉండేది. ఇరవై ఏళ్లకు పైగా దాని మీదే కార్ఖానాకు వెళ్లివచ్చాడు. సీటు నల్లబడింది, నునుపెక్కింది, మధ్యలో కాస్త కుంగింది. కానీ చిరగలేదు.

అదే సీటును నేను ఒక్క వానాకాలంలో పాడుచేశాను. జులైలో రాత్రంతా వానకు తడిసిన సైకిలును పొద్దున ఎండ రాగానే రేకుల కప్పు మీద పెట్టి ఆరబెట్టాను. ఆరాక కూర్చుంటే సీటు వదులుగా అనిపించింది. పానా తీసుకుని ముందువైపు నట్టు గట్టిగా బిగించాను. వారం తిరగకముందే ముక్కు దగ్గర రివిట్ పక్కన తోలు చీలింది. నాన్న కోప్పడలేదు. "తడిసింది నీడకు ఆరబెట్టాలె బిడ్డా, తడి మీద కూసోవద్దు" అన్నాడంతే.

దాని స్థానంలో మెత్తటి ఫోమ్ సీటు కొన్నాను. దుకాణంలో నొక్కి చూస్తే దిండులా ఉంది. అరగంట తొక్కేసరికి తొడల మధ్య తిమ్మిరి మొదలైంది. ఫిజిక్స్ చదువుకున్నదాన్ని కదా, రెండు ప్రశ్నలు వదలలేదు. గట్టిగా ఉండే తోలు సుఖంగా ఉండటం ఏమిటి? ఇరవై ఏళ్లు నిలిచినది వారంలో చిరగడం ఏమిటి? వెతుకుతూ పోతే రెండింటికీ జవాబు ఒకటేనని తేలింది. తోలు సాగుతుంది. ఆ సాగుడే సుఖం, ఆ సాగుడే దాని ఆయుష్షు తీర్చేది కూడా.

నులక మంచం సూత్రం

పాత తోలు సీటును తిరగేసి చూడండి. లోపల దూది, స్పాంజి ఏమీ ఉండవు. సుమారు అయిదు మిల్లీమీటర్ల మందం ఉన్న తోలు ముక్క ఒకటి, ముందు ముక్కు దగ్గర, వెనక ఇనుప బద్దకు రివిట్లతో బిగించి ఉంటుంది. మధ్యలో దానికి కింద ఆధారం లేదు. అచ్చంగా నులక మంచమే. మంచం వదులైతే కాళ్ల వైపు తాడు బిగిస్తాం. సీటు వదులైతే ముక్కు కింద ఉన్న నట్టు తిప్పుతాం.

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1882లో ఇలాంటి తోలు సీటుకు పేటెంట్ తీసుకున్నాడు. బ్రూక్స్ పేరుతో ఆ రకం సీట్లు నేటికీ తయారవుతున్నాయి. ఆకారం, తోలు ముక్క, రివిట్లు, బిగించే నట్టు, అన్నీ దాదాపు అలాగే ఉన్నాయి.

మనం కూర్చున్నప్పుడు బరువును మోసేవి పిరుదుల కింద ఉండే రెండు ఎముకలు. వాటి మధ్య దూరం పెద్దవాళ్లలో సాధారణంగా పది నుంచి పదమూడు సెంటీమీటర్లు. ఒక లెక్క వేద్దాం. అరవై కిలోల మనిషి సైకిలెక్కితే చేతుల మీద, పెడల్స్ మీద పడేది పోగా సీటు మీద నలభై కిలోల బరువు ఉందనుకుందాం. అంటే దాదాపు 400 న్యూటన్ల బలం. గట్టి చెక్క మీద కూర్చుంటే ఆ బలమంతా ఎముకల కింద మొత్తం ఇరవై చదరపు సెంటీమీటర్ల మేర పడిందనుకోండి, పీడనం సుమారు 200 కిలోపాస్కల్స్. వాడి వాడి మన ఆకారానికి గుంటలు పడిన తోలు మీద అదే బలం వంద చదరపు సెంటీమీటర్లకు పరచుకుంటే 40 కిలోపాస్కల్స్. అయిదో వంతుకు తగ్గిపోయింది. కొత్త తోలు సీటు మొదట్లో చెక్కలా అనిపించి, కొన్ని వందల కిలోమీటర్లు తొక్కాక "కుదురుకోవడం" వెనక ఉన్న విషయం ఇదే.

మరి ఫోమ్ కూడా మెత్తగా అణుగుతుంది కదా? అణగడమే ఇబ్బంది. మరీ మెత్తటి ఫోమ్‌లో ఎముకలు లోపలికి దిగిపోతాయి. అప్పుడు మధ్యభాగం పైకి లేచినట్టయి, ఎముకలు మోయాల్సిన బరువులో కొంత వాటి మధ్య ఉన్న మెత్తటి కండరాల మీద పడుతుంది. అక్కడి నుంచే ముఖ్యమైన నరమూ రక్తనాళాలూ వెళతాయి. నా తిమ్మిరికి కారణం అదే. ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని పరిశీలించే జాతీయ సంస్థ నియోష్, సైకిళ్ల మీద గస్తీ తిరిగే పోలీసులపై అధ్యయనాలు చేసింది. ముక్కు లేని సీట్లతో ఆ భాగంపై ఒత్తిడి, తిమ్మిరి తగ్గుతాయని గమనించి, ఉద్యోగరీత్యా సైకిలు తొక్కేవారికి వాటిని సిఫారసు చేసింది.

తోలు సీటుకూ పరిమితి ఉంది. చర్మంలోని సన్నటి రక్తకేశనాళికల్లో పీడనం సుమారు 30 మిల్లీమీటర్ల పాదరసం. మన 40 కిలోపాస్కల్స్ అంటే 300 మిల్లీమీటర్లు. సీటు ఎంత మంచిదైనా ఎముకల కింద రక్తప్రసారం కాసేపు తగ్గుతూనే ఉంటుంది. అందుకే అయిదు పది నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నేల మీద కాలు పెట్టి లేవడం కూడా ఆ పనే చేస్తుంది.

మూడు పేటల తాడు

తోలుకు ఈ గుణం ఎక్కడిది? పశువు చర్మంలో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రోటీను. దాని అణువు మూడు పేటలు మెలేసిన తాడులా ఉంటుందని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ఆ అణువు పొడవు సుమారు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర నానోమీటర్లు. ఇలాంటివి కోట్లాదిగా కలిసి పోగులై, పోగులు కట్టలై, ఆ కట్టలు అన్ని దిక్కులకూ అల్లుకుపోయి ఉంటాయి. నేతగాడి బట్టలో పడుగు, పేక రెండే దిక్కులు. తోలులో దిక్కులకు లెక్క లేదు. బరువు పడినప్పుడు ముందు ఆ అల్లిక సర్దుకుంటుంది, తర్వాతే పోగులు లాగబడతాయి.

పచ్చి చర్మం తడిగా ఉంటే కుళ్లుతుంది, ఎండితే అట్టలా బిర్రబిగుస్తుంది. దాన్ని తోలుగా మార్చేది టానింగ్. సీట్లకు ఎక్కువగా వాడేది చెట్ల బెరడు, కాయల నుంచి తీసిన టానిన్లతో శుద్ధిచేసిన తోలు. దక్షిణ భారతంలో తరతరాలుగా ఇందుకు వాడిన బెరడు తంగేడుది. సూరత్ తెలుగు బస్తీల్లో బతుకమ్మ పేర్చేటప్పుడు ఏ పువ్వు కోసం ఊళ్లో వెతుకుతారో, ఆ చెట్టే. తంగేడు చెక్కతో ఊనిన తోలుకు చివర్లో కరక్కాయ రసం పట్టిస్తారు. వెలుతురుకు తోలు ఎర్రబడకుండా అది కాపాడుతుంది. టానిన్ అణువులు కొల్లాజెన్ పోగుల మధ్య చేరి, వాటిని పట్టి ఉంచుతాయి, ఒకదానికొకటి అతుక్కుపోకుండా ఎడంగానూ ఉంచుతాయి.

సంప్రదాయ జ్ఞానంగా ఉన్న ఈ పనిని శాస్త్రంగా నిలబెట్టడంలో మద్రాసులో 1948లో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థది పెద్ద పాత్ర. దానికి చాలాకాలం సంచాలకుడిగా ఉన్నది గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. తోలు పనిని చిన్నచూపు చూసే సమాజంలో దాన్ని ప్రయోగశాలకు, పరిశ్రమకు గౌరవంగా తీసుకొచ్చిన శాస్త్రవేత్త ఆయన. 1985లో కనిష్క విమాన ప్రమాదంలో మరణించారు.

నేను చేసిన మూడు తప్పులు

ఇప్పుడు రేకుల కప్పు దగ్గరికి వద్దాం.

మొదటి తప్పు, తడి సీటు మీద కూర్చోవడం. ఆ రోజు పూర్తిగా ఆరకముందే దుకాణం దాకా తొక్కుకుంటూ వెళ్లాను. నీరు కొల్లాజెన్ పోగుల మధ్య కందెనలా పనిచేస్తుంది. పొడిగా ఉన్నప్పుడు నెలల్లో సాగాల్సిన తోలు, తడిసి బరువు మోస్తే గంటల్లో సాగుతుంది. అలా సాగింది మళ్లీ వెనక్కి రాదు. మన ఊళ్లో చెప్పులు కుట్టేవారు తోలును తడిపి అచ్చు మీద లాగేది అందుకే.

రెండోది, ఎండలో ఆరబెట్టడం. తోలును తడిగా వేడిచేస్తే ఒక ఉష్ణోగ్రత దగ్గర కొల్లాజెన్ తాడు పేటలు విడిపోయి ముడుచుకుపోతుంది. పచ్చి చర్మానికి అది దాదాపు 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్. టానిన్లతో శుద్ధిచేసినదానికి 70 నుంచి 85. రేకుల కప్పు అంతదాకా వేడెక్కి ఉండకపోవచ్చు. కానీ అంతకంటే తక్కువలోనూ నష్టం ఉంది. నీరు వేగంగా ఆవిరైతే దానితోపాటు లోపలి కొవ్వు, టానిన్లు పైకి వచ్చి చేరతాయి. పైపొర పెళుసెక్కుతుంది.

మూడోది, నట్టు. దీని లెక్క ఆసక్తికరం. సీటు మధ్యలో 400 న్యూటన్ల బలం పడి, తోలు రెండు వైపులా పది డిగ్రీల వాలుతో కుంగిందనుకుందాం. అప్పుడు తోలులోని లాగుడు సుమారు 1150 న్యూటన్లు. కూర్చున్న బరువుకు దాదాపు మూడు రెట్లు! వాలు ఇరవై డిగ్రీలైతే లాగుడు 600 న్యూటన్ల లోపే. అంటే సీటును ఎంత చదునుగా బిగిస్తే తోలు మీద అంత ఎక్కువ భారం. ఇంకో సంగతి: ఇరవై ఏడు సెంటీమీటర్ల సీటు కేవలం నాలుగు మిల్లీమీటర్లు సాగితే చాలు, మధ్యలో రెండు సెంటీమీటర్లకు పైగా కుంగుతుంది. అందుకే సీటు చాలా వదులైపోయినట్టు మనకు అనిపిస్తుంది, బిగించాల్సింది మాత్రం కొంచెమే ఉంటుంది. నేను రెండు మూడు చుట్లు తిప్పేశాను.

ఆ లాగుడంతా చివరికి చేరేది రివిట్ల దగ్గరికి. పలకకు గుండ్రటి రంధ్రం ఉంటే దాని అంచున ఒత్తిడి మిగతాచోటి కంటే మూడు రెట్లు ఉంటుందని ఇంజినీరింగ్ విద్యార్థులు నేర్చుకుంటారు. తోలు అల్లిక ఆ ఒత్తిడిని కొంత పంచుకోగలదు. పెళుసెక్కిన తోలుకు ఆ ఓపిక లేదు. చీలిక అక్కడే మొదలైంది.

చిరిగినచోట రివిట్ చుట్టూ నల్లటి వలయం కనిపించింది. ఇనుము తుప్పు, టానిన్ తడిలో కలిస్తే నల్లటి పదార్థం ఏర్పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుప నీళ్లతో నలుపు గీసేది ఈ రసాయనంతోనే. బట్ట మీద అందంగా ఉండే ఆ చర్య తోలును మాత్రం నెమ్మదిగా బలహీనపరుస్తుంది. అరేబియా సముద్రం దగ్గర్లో, ఉప్పు గాలిలో ఉండే సూరత్‌లో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. మేలురకం సీట్లలో రాగి రివిట్లు వాడటానికి ఇదొక మంచి కారణం.

నిలవాలంటే

ఈ జాగ్రత్తల్లో ఖర్చున్నది ఏదీ లేదు. వానాకాలంలో సీటుకు ప్లాస్టిక్ కవరు తొడగండి, ఎండ రాగానే తీసేయండి. లేకపోతే లోపలి చెమ్మకు బూజు పడుతుంది. వెనక చక్రానికి మడ్‌గార్డు తప్పనిసరి. పైపొర కంటే నీటిని ఎక్కువ పీల్చేది కింది గరుకు వైపే, చక్రం నీళ్లు చిమ్మేదీ అటే. తడిస్తే గుడ్డతో తుడిచి, గాలి ఆడే నీడలో ఒకట్రెండు రోజులు వదిలేయండి. తేనెమైనం, కొవ్వు కలిసిన తోలు పూత ఏడాదికి ఒకటి రెండుసార్లు పలుచగా రాస్తే చాలు. నూనెలో ముంచితే తోలు మెత్తబడి త్వరగా సాగిపోతుంది. నట్టు బిగించాల్సి వస్తే తోలు పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు, ఒకసారికి పావు చుట్టు మాత్రమే తిప్పండి.

తోలు సీటు అందరికీ కుదరాలని లేదు. అది బరువు, ఖరీదు, వానలో నమ్మకం తక్కువ. రోజూ తడవక తప్పనివారికి ఎముకల దూరానికి సరిపడే వెడల్పు ఉండి, మరీ మెత్తగా లేని ఫోమ్ సీటు మేలు. ఏ సీటైనా సరే, తిమ్మిరి తరచుగా వస్తుంటే సీటు ఎత్తు, వాలు సరిచూసుకోవాలి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. రోజూ సైకిలు మీద పనికి వెళ్లే కార్మికులు ఈ తిమ్మిరిని ఎవరికీ చెప్పుకోకుండా భరిస్తుంటారు. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన విషయం కాదిది.

నాన్న సీటును పారేయలేదు. చీలిన భాగం వరకు కోసి, మిగిలిన తోలుకు కొత్త రంధ్రాలు వేయించి, రాగి రివిట్లతో బిగించే ప్రయత్నంలో ఉన్నాను. మునుపటి కంటే కాస్త పొట్టిగా ఉంటుంది. ఆయన కూర్చుని చేసిన గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి. ఈసారి వాన పడితే నీడకే ఆరబెడతాను.