ఫొటో పడేది గెలిచినవాడిదే

పేకాట అనగానే మనకు చింతచెట్టు నీడ, పోలీసుల దాడి గుర్తుకొస్తాయి. అమెరికాలోని లాస్ వేగాస్‌లో మాత్రం 1970 నుంచి పోకరు పేకాటకు ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. ప్రధాన పోటీకి ప్రవేశ రుసుము 10 వేల డాలర్లు. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు 25 లక్షల డాలర్లు గెలిచాక జనం ఎగబడ్డారు. 2023లో 10,043 మంది ఆడారు.

సరదాకొద్దీ వార్తలు రాయబోయే ఔత్సాహికుడికి అక్కడ పదేపదే కనిపించేది ఒకటే దృశ్యం. బిళ్లలు అయిపోయినవాడు కుర్చీ వెనక్కి జరిపి, సంచీ భుజాన వేసుకొని, మాటా పలుకూ లేకుండా వెళ్లిపోతాడు. ఆ ఏడు సుమారు 8,500 మంది అలాగే రిక్తహస్తాలతో వెళ్లారు. 1 కోటి 21 లక్షల డాలర్లు గెలిచిన డేనియల్ వైన్‌మన్ ఫొటో పత్రికల్లో పడింది.

పేకలో గెలిచినవాడి కథ చెప్పేవారిని మిగతావారి సంగతీ అడగాలి.