ఘాటు తగ్గింది, పట్టు బిగిసింది

నిడదవోలు నుంచి ఒక తల్లి రాశారు: "మా మామగారు లంక పొగాకు చుట్ట కాల్చేవారు. మా అబ్బాయి చిన్నప్పుడు ఒకసారి దాన్ని దొంగతనంగా నోట్లో పెట్టుకుని, దగ్గి దగ్గి వాంతి చేసుకున్నాడు. మళ్లీ దాని జోలికి పోలేదు. అదే పిల్లాడు ఇంటర్‌లో స్నేహితులతో సరదాగా సిగరెట్ మొదలుపెట్టాడు. ఇప్పుడు డిగ్రీకొచ్చాడు, మానతానంటాడు, మానలేడు. అంత ఘాటైనదాన్ని ఒక్క దెబ్బకు వదిలేసినవాడు ఇంత తేలికైనదానికి ఎలా చిక్కాడండీ?"

ఈ నెల వేరే విషయం రాద్దామనుకున్నాను. ఈ ఉత్తరం చదివాక దాన్ని పక్కన పెట్టేశాను. తేలికగా ఉండడం వల్లే ఆ అబ్బాయి చిక్కాడు. దాని వెనక ఉన్న రసాయన శాస్త్రమంతా నిడదవోలుకు రెండు పక్కలా పొలాల్లోనే ఉంది.

ముందు నాలుగు ముక్కల్లో మామూలు సంగతులు. సిగరెట్ పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో 70 దాకా క్యాన్సర్ కారకాలు. ప్రాణం తీసేది ఎక్కువగా తారు, విషవాయువులు. వాటి దగ్గరికి మనిషిని మళ్లీ మళ్లీ రప్పించేది నికోటిన్. మన దేశంలో 13 నుంచి 15 ఏళ్ల బడిపిల్లల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని 2019 జాతీయ సర్వే చెప్పింది. ఆ వయసు బడిపిల్లల్లో సిగరెట్ తాగినవారిలో 38 శాతం మంది పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు. ఇక అసలు కథలోకి వద్దాం.

నిడదవోలుకు తూర్పున గోదావరి. వరద తీశాక లంకల్లో మిగిలిన ఒండ్రు మీద పండేది లంక పొగాకు, చుట్టల పొగాకు. దాని పేరు ఎంత దూరం పోయిందంటే, 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిదను చూసి గుర్తుపట్టగలనని చెప్పుకునే పొగాకుల్లో మన లంక చుట్ట కూడా ఉంది. ఇక నిడదవోలుకు వాయవ్యంగా మెట్టకెక్కితే దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం. అక్కడ పండేది సిగరెట్లలోకి పోయే వర్జీనియా. రెండు పొలాల్లోనూ ఉన్నది ఒకే జాతి మొక్క, నికోటియానా టబాకమ్. అసలు తేడా ఆకు కోశాక మొదలవుతుంది.

చుట్ట పొగాకును నీడలో, గాలికి వారాల తరబడి ఆరనిస్తారు. కోసిన ఆకు వెంటనే చచ్చిపోదు. అందులోని కణాలు ఇంకా ఊపిరి పీలుస్తూ, దాచుకున్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి, ఆ చక్కెరను కూడా ఖర్చు పెట్టేస్తాయి. ఆకు గోధుమరంగుకు తిరిగేసరికి అందులో తీపి దాదాపు మిగలదు.

మెట్టలో అలా కాదు. పచ్చాకును కర్రలకు అల్లి బ్యారన్ అనే ఆరబెట్టే గది లోపల వరసలుగా వేలాడదీస్తారు. బయట పొయ్యి మండుతుంది. లోపల నేల మీద పరిచిన ఇనప గొట్టాల్లోంచి వేడి వస్తుంది, పొగ మాత్రం ఆకును తాకదు. మొదట 35, 38 డిగ్రీల దగ్గర తేమగా ఉంచుతారు. ఆకు పసుపెక్కుతుంది, పిండి చక్కెరగా మారుతుంది. సరిగ్గా అప్పుడు వేడి పెంచుతారు. మెల్లగా పెంచుకుంటూ పోయి, చివరికి ఈనె ఎండడానికి 70 డిగ్రీల దాకా తీసుకెళతారు. చక్కెరను ఖర్చు పెట్టే ఎంజైములు ఆ వేడికి చచ్చిపోతాయి. చక్కెర ఆకులోనే ఉండిపోతుంది. ఎండిన ఆకు బరువులో పది నుంచి పాతిక శాతం దాకా అదే!

అమెరికాలో ఈ పసుపు ఆకుకు ఆద్యుడిగా చెప్పేది స్టీఫెన్ స్లేడ్ అనే బానిస యువకుణ్ణి. 1839లో నార్త్ కరొలైనాలో ఒక రాత్రి కాపలా కాస్తూ నిద్రపోయాడట. లేచి చూస్తే నిప్పు ఆరిపోతోంది. కంగారులో కొలిమి బొగ్గులు తెచ్చి వేశాడు. ఆ హఠాత్తు వేడికి ఆకు బంగారు రంగు తిరిగింది. 1920ల్లో ఆ పద్ధతి గుంటూరు నేలకూ వచ్చింది.

చక్కెర ఉంటే ఏమవుతుంది? ఇక్కడే ఈ కథలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం. చక్కెర కాలితే ఫార్మిక్, ఎసిటిక్ లాంటి ఆమ్లాలు పుడతాయి. సిగరెట్ పొగ పీహెచ్ 6కు అటూ ఇటూ ఉండి ఆమ్లం వైపు మొగ్గుతుంది. చక్కెర లేని చుట్ట పొగ 7 దాటి, 8 దాకా కూడా పోయి క్షారం వైపు ఉంటుంది. నికోటిన్ స్వయంగా క్షారం. ఆమ్లం దొరికితే ఒక ప్రోటాన్‌ను పట్టుకుని విద్యుదావేశం తెచ్చుకుంటుంది. లెక్క చాలా సూటిగా ఉంటుంది: పీహెచ్ 8 దగ్గర సగం నికోటిన్ ఆవేశం లేకుండా స్వేచ్ఛగా తిరుగుతుంది. పీహెచ్ 6 దగ్గర అలా తిరిగేది నూటికి ఒక్క వంతే.

స్వేచ్ఛగా ఉన్న నికోటిన్ ఆవిరై గొంతు నరాలను కరుస్తుంది. మనం ఘాటు అనేది దాన్నే. అదే నికోటిన్ నోటి పొరల్లోంచి రక్తంలోకి ఇట్టే దిగుతుంది. అందుకే చుట్ట తాగే పెద్దాయనకు పొగ మింగాల్సిన అవసరం ఉండదు, మింగాలన్నా గొంతు ఒప్పుకోదు. నోట్లో పొగ ఉంచుకుంటే చాలు, నికోటిన్ నిమిషాల మీద నెమ్మదిగా ఎక్కుతుంది. ఆవేశం ఉన్న నికోటిన్ సంగతి వేరు. కణాల కొవ్వు పొర మీద అది తామరాకు మీది నీటిబొట్టు. నోట్లో ఇంకదు, గొంతును కరవదు. సిగరెట్ పొగను నోట్లో ఉంచుకుంటే దక్కేది దాదాపు ఏమీ లేదు, లోపలికి పీలిస్తేనే దక్కుతుంది. మెత్తగా ఉంటుంది కాబట్టి పదిహేనేళ్ల పిల్లాడైనా పీల్చగలడు.

ఊపిరితిత్తుల్లోకి వెళ్లాక ఆట మారిపోతుంది. అక్కడి తడి పీహెచ్ 7.4, దాన్ని మారకుండా శరీరం కాపాడుకుంటుంది. ఆ తడి తగలగానే నికోటిన్‌లో అయిదో వంతు ఆవేశం వదిలేసి రక్తంలోకి దాటుతుంది. అది దాటిన మరుక్షణం మిగిలినదాంట్లోంచి మరికొంత ఆవేశం వదులుతుంది. పొర వైశాల్యం చదరపు మీటర్లలో పదుల లెక్క. అక్కడి నుంచి రక్తం నేరుగా గుండె ఎడమ వైపుకు, గుండె నుంచి మెదడుకు. దమ్ము లాగిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడులో ఉంటుంది. చేసిన పనికి ప్రతిఫలం ఎంత తొందరగా అందితే మెదడు ఆ పనిని అంత గట్టిగా నేర్చుకుంటుంది. ఒక సిగరెట్‌కు పది దమ్ములనుకుంటే, రోజుకు పది సిగరెట్లకు వంద పాఠాలు, ఏడాదికి 36,500.

మెదడులో నికోటిన్ కూర్చునే చోటు ఎసిటైల్‌కోలిన్ అనే మన సొంత రసాయనం కోసం ఉన్న గ్రాహకం. అసలు గ్రాహకమనే భావన పుట్టిందే నికోటిన్ వల్ల. కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ 1905లో నికోటిన్‌తో ప్రయోగాలు చేస్తూ, కణంలో దాన్ని అందుకునే పదార్థమేదో ఉండాలని ప్రతిపాదించాడు. నేటి మందుల శాస్త్రం చాలావరకు ఆ ఊహ మీదే నిలబడింది. మామూలుగా ఒక మందు గ్రాహకాలను పదే పదే రెచ్చగొడితే అవి తగ్గిపోవాలి. నికోటిన్ విషయంలోనూ అలాగే అనుకున్నారు. 1983లో జంతువుల మెదళ్లలో లెక్కపెడితే పెరిగి కనిపించాయి! తర్వాత చనిపోయిన పొగరాయుళ్ల మెదళ్లలోనూ అదే తేలింది. పెరిగిన గ్రాహకాలు ఖాళీ అయినప్పుడు పుట్టేదే ఆ చిరాకు, ఆ తహతహ. కౌమారంలో ఉన్న ఎలుకల్లో ఈ మార్పులు ఎక్కువగానూ, ఎక్కువ కాలమూ నిలుస్తాయి. మనిషిలో నిగ్రహానికి ఆధారమైన మెదడు ముందుభాగం పాతికేళ్ల దాకా రూపు దిద్దుకుంటూనే ఉంటుంది. నేర్చుకునే శక్తి తారస్థాయిలో, వద్దని ఆపే శక్తి సగంలో ఉన్న వయసులో ఆ వంద పాఠాలు మొదలవుతాయి.

దీన్ని గ్రహించడానికి పెద్దలకే చాలా కాలం పట్టింది. సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని తేల్చిచెప్పిన 1964 నాటి అమెరికా సర్జన్ జనరల్ నివేదిక, పొగతాగడాన్ని అలవాటు అంది తప్ప వ్యసనం అనలేదు. 1988లో ఎవరెట్ కూప్ కాలంలో వచ్చిన నివేదిక ఆ మాట దిద్దింది. ఆ తర్వాత కూడా, 1994లో ఏడు పొగాకు కంపెనీల అధిపతులు అమెరికా కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి నికోటిన్ వ్యసనకారి కాదని చెప్పారు. శాస్త్రవేత్తల్లోనూ ఒక పొరపాటు పాతుకుపోయింది: రోజూ కొన్నేసి సిగరెట్లు ఏళ్ల తరబడి తాగితే తప్ప వ్యసనం రాదని. 2000లో జోసెఫ్ డిఫ్రాంజా బృందం పన్నెండు, పదమూడేళ్ల పిల్లలను గమనించి, అప్పుడప్పుడూ తాగడం మొదలైన వారాల్లోనే, కొందరిలో రోజుల్లోనే పట్టు లక్షణాలు కనిపిస్తున్నాయని చూపింది. "వారానికి రెండే కదా" అనే మాట ఇక చెల్లదు.

ఈ రసాయన శాస్త్రాన్ని అమ్మేవాళ్లు మాత్రం బాగా చదువుకున్నారు. తొలి ఈ-సిగరెట్లలో నికోటిన్ స్వేచ్ఛగా ఉండి గొంతు మండించేది. 2015లో అమెరికాలో వచ్చిన జూల్, దానికి బెంజోయిక్ ఆమ్లం కలిపి మెత్తబరిచింది. బ్యారన్‌లో చక్కెర చేసిన పనే ఇక్కడ సీసాలోని ఆమ్లం చేసింది. 2019 నాటికి అక్కడి హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది ఈ-సిగరెట్లు తాగుతున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో మన దేశం వాటిని నిషేధించింది. మెంథాల్ సిగరెట్లదీ ఇదే దారి: చల్లదనంతో గొంతును ఏమార్చి, పొగను లోపలికి పంపుతాయి.

ఇదంతా చదివి చుట్టే మేలనుకునేరు! నోట్లో నిలిచిన పొగ నోటినే కాల్చుకు తింటుంది. శ్రీకాకుళం జిల్లాలో నిప్పు నోట్లో ఉంచుకుని తాగే అడ్డపొగ మీద 1971లో వెలువడిన అధ్యయనం, 10,169 మందిని పరీక్షించి, అంగిట్లో అది చేసే హానిని ప్రపంచానికి చూపింది.

ఇక ఆ తల్లికి ఉపయోగపడే మాట. నికోటిన్ చూయింగ్‌గమ్‌లో క్షారం కలుపుతారు, నోట్లోంచే నెమ్మదిగా ఎక్కడానికి. అంటే చుట్ట సూత్రమే, పొగ లేకుండా. అందుకని టీ, కాఫీ, కూల్‌డ్రింకు తాగిన పావుగంట దాకా దాన్ని నమలకూడదు. ఆ ఆమ్లంలో మందు వృథా అవుతుంది. ఇది తెలియక "గమ్ పనిచేయలేదు" అని మళ్లీ కిల్లీకొట్టుకు వెళ్లినవాళ్లు ఎందరో. డాక్టర్ సలహాతో మొదలుపెట్టించండి. జాతీయ ఉచిత సహాయ నంబరు 1800-11-2356 కూడా ఉంది. మొదటి వారం కష్టం, మూడు నాలుగు వారాలకు తేలికవుతుంది. పెరిగిన గ్రాహకాలు 6 నుంచి 12 వారాల్లో మామూలు లెక్కకు వస్తాయని మెదడు స్కాన్లలో తేలింది.

నా ఫిర్యాదు మాత్రం మిగిలే ఉంది. 2003 చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు అమ్మకూడదు, విద్యాసంస్థలకు వంద గజాల్లోపు అమ్మకూడదు. అయినా లూజు సిగరెట్ ఒక్కటి కొనడానికి పిల్లాడి జేబులో చిల్లర చాలు. పెట్టె మీది క్యాన్సర్ బొమ్మ పదహారేళ్ల వాడికి ఏభయ్యేళ్ల వాడి కథ. వాడి కథ వారాల్లో మొదలవుతుందని చెప్పేవారేరీ? ఇంటర్ మొదటి ఏడాది కెమిస్ట్రీలో ఆమ్లాలు, క్షారాలు, పీహెచ్ పాఠం ఉంది. నిడదవోలులో, దేవరపల్లిలో, జంగారెడ్డిగూడెంలో ఆ పాఠం చెప్పే లెక్చరర్లను అడుగుతున్నాను: ఈ ఏడాది ఆ లెక్కను నికోటిన్‌తో చేయించండి. పీహెచ్ 6 దగ్గర ఎంత, 8 దగ్గర ఎంత అని పిల్లల చేతనే కట్టించండి. పరీక్షలో రాకపోయినా ఫరవాలేదు.