కారును కిందికి దించాలంటే

సెక్టర్ 2లో మా క్వార్టర్ ముందు ఒక సాయంత్రం పదకొండో తరగతి అబ్బాయి నన్ను ఆపాడు. "సార్, మా అన్నయ్య కారు కిందికి దించిస్తానంటున్నాడు. స్ప్రింగులో రెండు చుట్లు కోస్తే చాలట. నిజమేనా?" వాళ్ళది శ్రీకాకుళం వైపు. నాన్నగారి బదిలీలతో భిలాయి వాళ్ళకు నాలుగో ఊరు. తెలుగు మాస్టారిని ఈ ప్రశ్న ఎందుకు అడిగాడంటే, నా పాత కారు కథ వాడికి తెలుసు. ఆ కథ చివర చెబుతాను.

కారును కిందికి దించాలన్న కోరిక వెర్రిది కాదు. ఎత్తుగా గడ్డి వేసిన బండి మలుపులో ఒరుగుతుంది. అంతే బరువు ఇటుకలు వేస్తే అంతగా ఒరగదు. బరువు నేలకు దగ్గరగా ఉంటే బండికి నిలకడ ఎక్కువ. పందెం కార్లు నేలను అంటుకున్నట్టు ఉండేది అందుకే.

మరి స్ప్రింగు కోస్తే తప్పేమిటి? పాత పెన్నులోని స్ప్రింగును వేలితో నొక్కి చూడండి. సగానికి కోసి మళ్ళీ నొక్కండి. అంతే బలానికి సగమే నొక్కుకుంటుంది. చుట్లు తగ్గితే స్ప్రింగు బిగుసుకుంటుంది. దాని పక్కనే ఉండే షాక్ అబ్జార్బర్ పని స్ప్రింగు ఊగులాటను ఆపడం. మెత్తని స్ప్రింగుకు తగినట్టు చేసిన షాక్ అబ్జార్బర్ గట్టి స్ప్రింగును అదుపు చేయలేదు. గుంత దాటాక కూడా కారు ఎగురుతూనే ఉంటుంది. పైగా కోసిన కొస దాని గిన్నెలో సరిగ్గా కూర్చోదు. చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు జారిపోవచ్చు.

సరైన పద్ధతి ఇది. ముందు చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడిమి నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు కొలిచి రాసుకోవాలి. ఆ మోడల్ కోసమే చేసిన పొట్టి స్ప్రింగులను, వాటికి జతయిన షాక్ అబ్జార్బర్లను కొనాలి. బిగించే పని తెలిసిన మెకానిక్కే చేయాలి. నొక్కి ఉంచిన స్ప్రింగు తప్పించుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి ఎవరూ దూరకూడదు. రబ్బరు బుష్షులున్న బోల్టులను కారు చక్రాల మీద నిలిచాకే గట్టిగా బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. కొన్ని రోజులు నడిపాక మళ్ళీ కొలిచి, వీల్ అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్ల వాలు సరిచూడాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు ఎక్కడైనా రాసుకుంటోందా అన్నది మనుషులను ఎక్కించి మరీ చూడాలి.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక కారు అడుగు నేలకు 17 సెం.మీ. ఎత్తులో ఉందనుకుందాం. 3 సెం.మీ. దించాం. ఇంటిల్లిపాదీ సామానుతో ఎక్కితే ఇంకో 4 సెం.మీ. దిగిందనుకోండి. మిగిలింది 10. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు కూడా 10 సెం.మీ.! ఆ ప్రమాణంలో వెడల్పు 3.7 మీటర్లు కాబట్టి చక్రాలు మెల్లగా ఎక్కి దిగుతాయి. కానీ మన వీధుల్లో ఇరుకుగా, నిటారుగా కట్టినవి ఎన్ని లేవు? అక్కడ కారు పొట్ట నేరుగా తగులుతుంది.

చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాట గట్టిగా చెప్పింది. కాబట్టి స్ప్రింగులు కొనే ముందే ఆర్టీఓ కార్యాలయంలో అడగాలి. మన ఇళ్ళల్లో ఇది మరీ ముఖ్యం. బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. ఎన్‌ఓసీ కోసం నాన్నగారు తిరగడం మీరు చూసే ఉంటారు. 2021లో వచ్చిన బీహెచ్ నంబరు ఉన్నవాళ్ళకు ఆ తిరుగుడు తప్పింది. 52వ సెక్షన్ మాత్రం అందరికీ ఒకటే.

ఇక నా కథ. మూడో బదిలీకి ముందు పాత కారు ఒకటి కొన్నాను. చూడ్డానికి అందంగా, కాస్త కిందికి ఉండేది. సామానంతా ఎక్కించి బయలుదేరాం. దారిలో టీకి ఆగినప్పుడు ముందు టైరు లోపలి అంచును మా అబ్బాయి చూశాడు. బయటి వైపు కొత్తదిలా ఉన్న ఆ టైరు లోపలి వైపు తీగలు తేలేదాకా అరిగిపోయింది. అంతకుముందు యజమాని స్ప్రింగులు కోయించి, అలైన్‌మెంట్ చేయించలేదు. చక్రాలు లోపలికి వాలి నడిచాయన్నమాట. ఇంకో యాభై కిలోమీటర్లు వెళ్ళి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ ఇష్టపడను.

ఇదంతా విన్నాక ఆ అబ్బాయి, "అయితే వద్దంటారా సార్?" అన్నాడు. వద్దనను. ఒకే ఊళ్ళో, ఒకే నున్నని రోడ్డు మీద తిరిగే కారైతే, అనుమతితో, పద్ధతిగా దించుకోవచ్చు. మన కారు అలాంటిది కాదు. రెండు మూడేళ్ళకోసారి అమ్మ స్టీలు సామానుతో సహా, ఎలా ఉంటుందో తెలియని రోడ్డు మీదికి వెళ్ళేది. దానికి ఆ నాలుగు వేళ్ళ ఖాళీ కావాలి.

మర్నాడు వాళ్ళన్నయ్య టేపు పట్టుకుని కారు పక్కన కూర్చున్నాడు. ముందు కొలుస్తున్నాడు. అది మంచి మొదలే.