పై ముడతా, కింది ముడతా? ఫోన్ కెమెరా ఎంతవరకు చెప్పగలదు

మిర్చి చేనులో ఆకు ముడుచుకుందంటే గుంటూరు, ప్రకాశం రైతుకు ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా కనిపిస్తే తామర పురుగు పని. అంచులు కిందికి వంగి తిరగేసిన పడవలా కనిపిస్తే నల్లి. మొదటిదాన్ని పై ముడత అని, రెండోదాన్ని కింది ముడత అని రైతులు అంటారు. రెండూ ముడతలే, కానీ మందులు వేరు. నల్లి అసలు పురుగు జాతే కాదు, సాలీడు జాతిది. అందుకే తామర పురుగుకి కొట్టే మందుల్లో చాలావాటికి నల్లి లొంగదు. తప్పు మందు కొడితే డబ్బు పోతుంది, కూలి పోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా వారం రోజులు పోతాయి. ఆ వారంలో చేను చేజారిపోతుంది.

ఇప్పుడు చాలా ఇళ్లలో ఈ సంగతి తేల్చే పని ఫోన్ మీద పడింది. తండ్రి కొమ్మ వంచి పట్టుకుంటాడు. ఇంటర్ చదివే కూతురు "అబ్బా, కదపకుండా పట్టుకో" అంటూ ఫోటో తీస్తుంది. ఫోటో వాట్సాప్‌లో మందుల షాపుకి వెళ్తుంది. కానీ నడినెత్తి నుంచి తీసిన ఫోటోలో ఆకు బల్లపరుపుగా పడుతుంది. ముడత పైకా, కిందికా తెలియదు. షాపులో రెండు రకాల మందులూ కలిపి ఇచ్చేస్తారు. కౌలు, వడ్డీ లెక్కల్లో ఇంకో ఖర్చు చేరుతుంది.

తప్పు అమ్మాయిది కాదు. ఫోన్ కెమెరా ఏం చూస్తుంది, ఏం చూడలేదు, ఎక్కడ తనంతట తానే ఊహించి నింపుతుంది అన్నది ఎవరూ చెప్పలేదు, అంతే. అది తెలియాలంటే ఈ కెమెరాని తయారుచేసిన ఆవిష్కరణలను కొంచెం దగ్గరగా చూడాలి.

చీకటి గది నుంచి జేబులోకి

కెమెరా అనే మాటకి లాటిన్‌లో అర్థం గది. చీకటి గదికి చిన్న రంధ్రం పెడితే బయటి దృశ్యం లోపలి గోడ మీద తలకిందులుగా పడుతుంది. ఈ సంగతిని ప్రయోగాలు చేసి వివరించినవారిలో ఇబ్న్ అల్ హైథమ్ ముఖ్యుడు. ఆయన 965 ప్రాంతంలో ఇరాక్‌లోని బస్రాలో పుట్టి, ఈజిప్టులోని కైరోలో పనిచేశాడు. కాంతి మీద ఆయన రాసిన కితాబ్ అల్ మనాజిర్‌ను తర్వాతి కాలంలో యూరప్ పండితులు లాటిన్‌లో చదువుకున్నారు.

గోడ మీద పడ్డ బొమ్మను చిన్న చిప్‌తో విద్యుత్ సంకేతంగా మార్చడానికి మాత్రం ఇంకో దాదాపు వెయ్యేళ్లు పట్టింది. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే చిప్‌ను రూపొందించారు. 2009లో వారికి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ అలాంటి చిప్‌తో డిజిటల్ కెమెరా చేశాడు. దాని బరువు మూడున్నర కిలోల పైమాటే. ఫోటోలో ఉన్నవి 10,000 చుక్కలు మాత్రమే, అదీ నలుపు తెలుపులో. ఒక్క ఫోటోను క్యాసెట్ మీదకు ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఈ రోజు మామూలు ఫోన్‌లో 50 మెగాపిక్సెల్స్ అంటే 5 కోట్ల చుక్కలు.

సీసీడీకి కరెంటు ఎక్కువ కావాలి. అంత కరెంటు చిన్న బ్యాటరీకి భారం. 1990లలో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం అంతరిక్ష నౌకల కోసం తక్కువ కరెంటు తాగే సీమాస్ సెన్సర్‌ను అభివృద్ధి చేసింది. అంతరిక్షం కోసం చేసిన ఆ పద్ధతే ఈ రోజు నరసరావుపేట ఆటోడ్రైవర్ ఫోన్‌లోనూ, మార్కాపురం టీచరమ్మ ఫోన్‌లోనూ ఉంది.

రంగు సగం లెక్క, సగం ఊహ

సెన్సర్‌కి స్వతహాగా రంగు తెలియదు. ఎంత వెలుతురు పడిందన్నదే తెలుసు. దీనికి మార్గం కనిపెట్టింది కొడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్. 1976లో ఆయనకు పేటెంట్ వచ్చింది. సెన్సర్ గడుల మీద చదరంగం పలకలా రంగు వడపోతలు అమర్చడం ఆ పద్ధతి. ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మనిషి కన్ను ఆకుపచ్చ ప్రాంతపు వెలుతురులోనే తేడాలు బాగా పసిగడుతుంది కాబట్టి దానికి రెండు గడులు.

అంటే ఒక్కో గడి ఒక్కో రంగునే కొలుస్తుంది. మిగతా రెండు రంగులను పక్క గడులను చూసి ఫోన్ లెక్కగట్టి నింపుతుంది. లెక్క చాలాసార్లు సరిగ్గానే వస్తుంది. కానీ ఎండుమిర్చి దగ్గర ఇబ్బంది మొదలవుతుంది.

కల్లంలో ఆరబోసిన తేజ మిర్చిని మిట్టమధ్యాహ్నం ఫోటో తీస్తే ఏమవుతుంది? ఎరుపు గడులు వెలుతురుతో నిండిపోతాయి. నిండిన గడి ఇక తేడా చెప్పలేదు. ముదురు ఎరుపు, లేత ఎరుపు, మచ్చలున్న కాయ, అన్నీ కలిసి ఒకే ఎర్రటి ముద్దలా పడతాయి. తాలు కాయలు ఎన్ని కలిశాయో సరిగ్గా తెలియదు. అదే మిర్చిని నీలం పట్టా పక్కన తీస్తే ఒక రంగు, బల్బు వెలుతురులో తీస్తే ఇంకో రంగు. ఎందుకంటే తెలుపు ఏది అన్నది ఫోన్ తానే ఊహించుకుని మిగతా రంగులన్నీ దానికి తగ్గట్టు సర్దుతుంది.

గుంటూరు మిర్చి యార్డుకి సరుకు తోలే ముందు ఫోటో చూసి బేరం మాట్లాడుకునేవాళ్లకి ఇది డబ్బుతో ముడిపడ్డ విషయం. ఫోటోలో మెరిసిన కాయ యార్డులో టిక్కీ విప్పాక మెరవకపోవచ్చు. ఎగుమతిదారులు రంగును ఫోటోతో తేల్చరు. మిర్చి పొడిలోని రంగును ఎసిటోన్‌లో కరిగించి, యంత్రంలో వెలుతురు పంపి కొలుస్తారు. ఆ కొలతకు ఆస్టా విలువ అని పేరు. ఇంట్లో చేయగలిగిన చిన్న జాగ్రత్త ఒకటుంది. కాయల పక్కన తెల్ల కాగితం పెట్టి, ఉదయం పూట నీడలో ఫోటో తీయాలి. కాగితం తెల్లగా కనిపిస్తే మిర్చి రంగు కూడా అసలు రంగుకు దగ్గరగా ఉన్నట్టే.

శుభ్రం చేయబోయి పురుగును చెరిపేస్తే

ఫోన్ సెన్సర్ చిటికెన వేలి గోరంత. దాని మీద కోట్ల గడులు. ఒక్కో గడికి అందే వెలుతురు చాలా తక్కువ. ఈ లోటు తీర్చడానికి కొన్ని మంచి ఆవిష్కరణలు వచ్చాయి.

పాత సెన్సర్లలో వైర్లు గడుల ముందు ఉండేవి. కిటికీ ముందు బట్టలు ఆరేసినట్టు అవి వెలుతురుకి అడ్డుపడేవి. సెన్సర్‌ను తిరగేసి వైర్లను వెనక్కి పంపే పద్ధతిని 2009లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది. తర్వాత నాలుగు చిన్న గడులను కలిపి ఒక పెద్ద గడిలా వాడుకునే పద్ధతి వచ్చింది. అందుకే 50 మెగాపిక్సెల్స్ ఫోన్ మామూలుగా తీసే ఫోటో 12 మెగాపిక్సెల్స్ ప్రాంతంలోనే ఉంటుంది. ఇక మూడోది, బటన్ ఒక్కసారి నొక్కితే ఫోన్ వరసగా చాలా ఫోటోలు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్కటిగా చేయడం. ఇఫ్తార్ వేళ మసక వెలుతురులో ఇంటిల్లిపాదీ స్పష్టంగా పడటానికి కారణం ఇదే.

మనుషుల ముఖాలకు బాగా పనికొచ్చే ఈ ఏర్పాటు చేనులో ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. వెలుతురు తక్కువైతే ఫోటోలో ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. ఫోన్ దాన్ని తుడిచేస్తుంది. తామర పురుగు పొడవు ఒక మిల్లీమీటరు ప్రాంతం. నల్లి అందులో నాలుగో వంతు కూడా ఉండదు. సాయంత్రం పూట తీసిన ఫోటోలో గరుకుతో పాటు పురుగు కూడా చెరిగిపోవచ్చు. ఫోటో అందంగా, నున్నగా ఉంటుంది. చూడాల్సింది మాత్రం అందులో ఉండదు.

2021-22లో గుంటూరు, ప్రకాశం మిర్చిని ముంచేసిన నల్ల తామర పురుగు విషయం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఇది మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న తామర పురుగు కాదు. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద దీన్ని దేశంలో మొదటిసారి గుర్తించారు. ఆకుల మీదే కాకుండా పూలలో చేరుతుంది. పూత రాలిపోతుంది, కాయ పట్టదు. ఆ సీజన్‌లో చేలు దున్నేసిన రైతులు ఉన్నారు. అది కొత్త రకం అని శాస్త్రవేత్తలు తేల్చింది మైక్రోస్కోపు కింద పెట్టి చూశాక. ఫోన్ ఫోటోతో పూలో నల్లటి సన్నటి పురుగు ఉందని చెప్పవచ్చు, ఏ రకమో ఖాయంగా చెప్పలేం.

యాప్ ఎక్కడ గట్టిది, ఎక్కడ మెత్తనిది

జర్మనీ సంస్థ పీట్ తయారుచేసిన ప్లాంటిక్స్ యాప్ ఆకు ఫోటో చూసి తెగులు పేరు చెబుతుంది. 2017లో ఇక్రిశాట్, ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం సహకారంతో ఇది తెలుగులో వచ్చింది. కేంద్ర ప్రభుత్వం కూడా 2024 ఆగస్టులో ఫోటోల ఆధారంగా తెగుళ్లు గుర్తించే జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను ప్రారంభించింది.

పత్తికి ఇంకో దారి ఉంది. గులాబీ రంగు పురుగు కాయ లోపల దాక్కుంటుంది. బయటికి కనిపించేసరికి నష్టం జరిగిపోతుంది. అందుకే చేనులో లింగాకర్షక బుట్టలు పెట్టి మగ రెక్కల పురుగులను పట్టి లెక్కపెడతారు. ఒక బుట్టలో రాత్రికి 8 చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే మందు కొట్టాల్సిన సమయం వచ్చినట్టు. వాధ్వానీ ఏఐ సంస్థ తయారుచేసిన కాటన్‌ఏస్ యాప్ ఈ లెక్కింపు పని చేస్తుంది. పడ్డ పురుగులను తెల్ల కాగితం మీద పోసి ఫోటో తీస్తే వాటిని లెక్కగట్టి, మందు కొట్టాలో వద్దో చెబుతుంది.

ఈ రెండో పని ఫోన్‌కి సులువు. తెల్ల కాగితం, కదలని పురుగులు, అడిగింది ఒకే ప్రశ్న: ఎన్ని ఉన్నాయి? ముడుచుకున్న ఆకు విషయంలో అలా కాదు. తామర పురుగు కావచ్చు, నల్లి కావచ్చు, తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ కావచ్చు. వైరస్ అయితే ఏ మందుకీ ఆకు తిరిగి విచ్చుకోదు. ఇలాంటిచోట యాప్ చెప్పిన పేరును సలహాగా తీసుకోవాలి, తీర్పుగా కాదు.

ఎండకు అలసిపోయే బ్యాటరీ

పొలంలో ఇంత పనిచేసే ఫోన్‌కి ప్రాణం లిథియం అయాన్ బ్యాటరీ. దీన్ని రూపొందించినందుకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. బ్యాటరీలో ఒక వైపు గ్రాఫైట్ పొర ఉంటుంది. లిథియం అందులోకి వెళ్లి తిరిగి రాగలదని 1980 ప్రాంతంలో చూపించినవాడు మొరాకోలోని ఫెజ్ నగరంలో పుట్టిన రషీద్ యజామీ. 2014లో ఆయనకు డ్రేపర్ ప్రైజ్ దక్కింది.

ఈ బ్యాటరీకి వేడి పడదు. ఫోన్లను సాధారణంగా 35 డిగ్రీల లోపు వాడాలని కంపెనీలు చెబుతాయి. రెంటచింతలలో మే నెల ఎండ 45 దాటిన రోజులున్నాయి. ఎండలో బైకు హ్యాండిల్‌కి తగిలించిన ఫోన్ వేడెక్కి నెమ్మదిస్తుంది, ఒక్కోసారి కెమెరా తెరుచుకోదు. వేడిగా ఉన్నప్పుడే చార్జింగ్ పెడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. చల్లారాక పెట్టడం మేలు. అలాగని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, లోపల చెమ్మ చేరుతుంది.

ఫోటో తీసేవాళ్లకి

ముందు లెన్స్ మీద దుమ్ము ఊదేసి, తర్వాత మెత్తటి నూలు గుడ్డతో తుడవాలి. దుమ్ముతోనే రుద్దితే గీతలు పడతాయి.

ఒక్క ఫోటో చాలదు. మొక్క మొత్తం ఒకటి, ఆకు పైభాగం ఒకటి, అడుగుభాగం ఒకటి, పక్క నుంచి ఒకటి. పై ముడతా, కింది ముడతా అన్నది తేల్చేది పక్క నుంచి తీసిన ఫోటోనే. పురుగులు ఎక్కువగా దాక్కునేది ఆకు అడుగున. పూత ఉంటే పువ్వును విప్పి తీయాలి.

మరీ దగ్గరకు వెళ్తే ఫోకస్ అందదు. జానెడు దూరంలో ఉండి రెండింతలు జూమ్ చేసి, స్క్రీన్ మీద ఆకును వేలితో తాకి తీయాలి. ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ ఆపేయాలి. పువ్వును తెల్ల కాగితం మీద దులిపితే పురుగులు విడిగా కనిపిస్తాయి, అప్పుడు తీసిన ఫోటో ఇంకా పనికొస్తుంది.

వాట్సాప్ మామూలుగా ఫోటోను కుదించి పంపుతుంది. హెచ్‌డీలో గానీ డాక్యుమెంట్‌గా గానీ పంపితే వివరం నిలుస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫోటో తీసిన చోటు వివరం కూడా వెళ్లవచ్చు. చేను ఫోటోకి పరవాలేదు, ఇంట్లో పిల్లల ఫోటోలు అలా పంపేటప్పుడు చూసుకోవాలి.

ఫోటోలు ముందుగా రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకులకు, లేదా లాం పరిశోధన కేంద్రం లాంటి చోట్ల శాస్త్రవేత్తలకు చూపిస్తే మంచిది. వాళ్లకు మందు అమ్మే అవసరం లేదు. కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.

పత్తి ఏకి బతికిన నూర్‌బాషా కుటుంబాల పెద్దలు దూదిని వేళ్ల మధ్య లాగి పింజ పొడవు చెప్పగలిగేవారు. మిర్చి వ్యాపారి కాయ విరిచి ఘాటు చెబుతాడు. ఆ చేతికి, కంటికి ఫోన్ తోడు వస్తుంది, వాటి స్థానంలోకి రాదు. అబ్బా ఆకు తిప్పి అడుగుభాగం చూపిస్తే, బిడ్డ పక్క నుంచి ఇంకో ఫోటో తీస్తే, ఒక మందు ఖర్చు మిగలవచ్చు. ఆ మిగిలింది ఆ అమ్మాయి కాలేజీ ఫీజుకి పనికొస్తుంది.