శిక్షణ ఫలితం: ఏ మార్గంలో? ఎవరి విషయంలో?

2016లో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపొందినవి. నగరం విస్తరించిన కొద్దీ అనేక తోటలు ప్లాట్లుగా మారగా, మిగిలిన భూములలో కూరగాయలు, ఆకుకూరలు సాగవుతున్నాయి. ఇక్కడ బిందుసేద్యంపై శిక్షణ ఇచ్చి, రైతుల ఆచరణను కొలిచే ఒక అధ్యయనాన్ని ఉదాహరణగా ఊహించవచ్చు.

శిక్షణ పొందినవారిలో ఆచరణ ఎక్కువగా ఉన్నదని తేలితే రెండు ప్రశ్నలు మిగులుతాయి. ఆ ఫలితం ఏ మార్గంలో వచ్చింది? ఎవరి విషయంలో వచ్చింది? మొదటిదానికి జవాబు మీడియేటర్, అనగా మధ్యవర్తి చలరాశి. రెండవదానికి మోడరేటర్, అనగా ప్రభావ తీవ్రతను మార్చే చలరాశి. మనోవిజ్ఞాన పరిశోధనలో ఈ భేదాన్ని బారన్, కెన్నీ 1986లో ప్రచురించిన వ్యాసం స్పష్టపరచింది. అయినను ఈ పదాలు తారుమారవుతూనే ఉన్నాయి.

శిక్షణ వలన నీటి యాజమాన్యంపై రైతు పరిజ్ఞానం పెరిగి, ఆ పరిజ్ఞానమే ఆచరణకు దారితీస్తే పరిజ్ఞానం మీడియేటర్. భూమి హక్కు అటువంటిది కాదు. రెండు రోజుల శిక్షణ కౌలుదారును పట్టాదారుగా మార్చదు. అయితే శిక్షణ ఫలితం పట్టాదారులలో బలంగాను, కౌలుదారులలో బలహీనంగాను ఉండవచ్చు. రాయితీ దరఖాస్తుకు పాసుపుస్తకం కావాలి. వచ్చే ఏడు ఆ చేను తనకే దక్కునో లేదో తెలియని రైతు సొంత ఖర్చుతో పైపులు పరచడానికి వెనుకాడుట సహజం. ఇది గమనించక సగటును మాత్రమే చూస్తే, అతని వెనుకంజ అవగాహనా లోపంగా నమోదై మళ్లీ శిక్షణే సిఫారసు అవుతుంది. తెలిసిన పాఠాన్నే వినడానికి అతడు మరో రోజు పని మానుకోవాలి.

మోడరేటర్‌ను పరీక్షించడానికి శిక్షణ, భూమి హక్కుల గుణకార పదాన్ని, ఆ రెండింటితోపాటు, రిగ్రెషన్‌లో చేర్చాలి. మీడియేటర్‌కు రెండు అంచనాలు అవసరం: శిక్షణ నుండి పరిజ్ఞానానికి, శిక్షణను స్థిరంగా ఉంచి పరిజ్ఞానం నుండి ఆచరణకు. ఈ రెండు గుణకాల లబ్ధమే పరోక్ష ప్రభావం. చిన్న నమూనాలలో ఈ లబ్ధం సాధారణ విభాజనాన్ని అనుసరించకపోవచ్చు గనుక బూట్‌స్ట్రాప్ పద్ధతికి ప్రాధాన్యం పెరిగింది.

చిక్కంతా ఆత్మవిశ్వాసం వంటి చలరాశులతోనే. శిక్షణకు ముందున్న ఆత్మవిశ్వాసం మోడరేటర్ కావచ్చు; శిక్షణ వలన పెరిగినది మీడియేటర్ కావచ్చు. ఒకే రోజున ఒకే ప్రశ్నావళితో అన్నీ సేకరిస్తే ఈ తేడా చెరిగిపోతుంది. పైగా డ్రిప్ వేసిన పిమ్మటనే రైతుకు పరిజ్ఞానం కలిగి ఉండవచ్చు. కావున శిక్షణకు ముందు, ముగిసిన వెంటనే, పంటకాలం చివర వేర్వేరుగా కొలవాలి. కౌలుదారులను ప్రత్యేక వర్గంగా తగిన సంఖ్యలో ఎంపిక చేయాలి. వందమందిలో పదిమందే ఉంటే, నిజంగా ఉన్న తేడా సైతం గణాంక పరీక్షకు అందకపోవచ్చు.