పాత ఫియట్‌కి కొత్త కార్బురేటర్: స్క్రూ ముట్టుకునే ముందు రాడ్డు చూడండి

వెనకాల గుడగుడ అని వినిపిస్తోంది కదా, అది మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని. 1984 మోడల్. మా తెనాలిలో దీన్ని పద్మిని అనేవాళ్లు తక్కువ, అందరూ "ఫియట్ కారు" అనే అంటారు. అది తప్పేమీ కాదులెండి. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలైన బండే తర్వాత పద్మిని అయింది. ముంబై కుర్లాలో తయారయ్యేది. 1089 సీసీ ఇంజన్, దాని మీద ఒక సోలెక్స్ కార్బురేటర్. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ కార్బురేటర్ గురించే.

మా పాత కార్బురేటర్‌లో థ్రాటిల్ షాఫ్ట్ అరిగిపోయింది. పట్టుకుని ఊపితే కటకటలాడేది. ఆ సందులోంచి దొంగగాలి లోపలికి వెళ్తుంటే ఇంజన్ ఓసారి పైకి, ఓసారి కిందికి, సిగ్నల్ దగ్గర ఆగితే ఆఫ్. సరే అని విజయవాడ ఆటోనగర్ వెళ్లి ఇంకోటి తెచ్చా. షాపాయన "సేమ్ పీసండీ, పెట్టుకుంటే చాలు" అన్నాడు. నేను నమ్మేశా.

పెట్టా. స్టార్ట్ అయింది. కానీ కాలు తీసినా ఇంజన్ కూతే. రెండు సాయంత్రాలు మిక్చర్ స్క్రూ అటు తిప్పా, ఇటు తిప్పా. ఏమీ మార్పు లేదు! చివరికి ఐడిల్ స్క్రూ పూర్తిగా వెనక్కి తిప్పేసి, "కొంచెం హైలో ఉంది, వాడుతుంటే సెట్ అవుతుందిలే నాన్నా" అని తాళం ఇచ్చేశా. మరుసటి రోజు అమ్మని ఎక్కించుకుని రేపల్లె దారిలో వెళ్తుంటే, కాలవ కట్ట మీద ఒక లారీని దాటడానికి నాన్న యాక్సిలేటర్ గట్టిగా తొక్కారు. అది కిందే ఉండిపోయింది. కాలు తీసినా బండి ఉరుకుతూనే ఉంది. పక్కన కాలవ. నాన్న క్లచ్ తొక్కి, ఇంజన్ ఆఫ్ చేసి, బ్రేక్ మీద ఆపారు. ఇంటికొచ్చి నన్నొక్క మాట అనలేదు. అది ఇంకా ఘోరం.

(మీకెప్పుడైనా ఇలా అయితే ఇదే చేయండి: క్లచ్, బ్రేక్, ఇంజన్ ఆఫ్. తాళం చెవి మాత్రం బయటికి లాగకండి, స్టీరింగ్ లాక్ పడొచ్చు.)

అప్పుడు మా వీధి చివర మెకానిక్ బాబాయ్‌ని పిలిచా. ఆయన స్క్రూడ్రైవర్ కూడా తీయలేదు. బానెట్ ఎత్తి, "అబ్బాయ్, ముందు ఆ రాడ్డు ఊడదీయ్" అన్నాడు. ఊడదీశా. టక్కుమని థ్రాటిల్ మూసుకుంది. అంటే ఏంది? ఇన్నాళ్లూ ఆ రాడ్డే థ్రాటిల్‌ని కొంచెం తెరిచి పట్టుకుంది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. కార్బురేటర్ గొంతులో ఒక గుండ్రటి రేకు ఉంటుంది, అదే థ్రాటిల్ ప్లేట్. అది దాదాపు మూసి ఉన్నప్పుడు ఇంజన్‌కి పెట్రోల్ ఒక సన్నని ఐడిల్ రంధ్రం నుంచి వస్తుంది. మిక్చర్ స్క్రూ కంట్రోల్ చేసేది ఆ ఒక్క రంధ్రాన్నే. ప్లేట్ కాస్త ఎక్కువ తెరుచుకుంటే పైనున్న వేరే రంధ్రాల నుంచి కూడా పెట్రోల్ వచ్చేస్తుంది, ఇక స్క్రూ తిప్పినా దాని మాట వినేవాళ్లు ఉండరు. అందుకే మిక్చర్ స్క్రూ తిప్పితే తేడా రాకపోతే మొదటి అనుమానం ప్లేట్ మీదే పెట్టుకోండి. నేను నాలుగేళ్లు హైదరాబాద్‌లో కోడ్ రాసినవాణ్ణి, వేరే ఫైల్‌లో బగ్ పెట్టుకుని ఈ ఫైల్‌లో వెతకడం నాకు కొత్త కాదు!

మరి రాడ్డు ఎందుకు పట్టుకుంది? కొత్త దాని లివర్ పాతదానికంటే పొట్టి, కోణం కూడా వేరు. పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసేది, నేను చూడలేదు. కాలవ కట్ట మీద ఇరుక్కోవడానికి కారణం కూడా ఇదే. పూర్తిగా తొక్కినప్పుడు లివరూ రాడ్డూ ఒకే గీతలోకి వచ్చి, ఆ గీత దాటితే, స్ప్రింగ్ ఎంత లాగినా వెనక్కి రాదు.

బాబాయ్ పాత లివర్‌నే కొత్త షాఫ్ట్ మీదకి మార్చాడు, అదృష్టం కొద్దీ పట్టింది. తర్వాత, ఇంజన్ ఆఫ్‌లోనే, థ్రాటిల్ స్టాప్ స్క్రూ మీద ఆనుకుని ఉండగా రాడ్డు చివరి బాల్ జాయింట్‌ని లివర్ మీదకి తెచ్చి చూశాడు. లాగకుండా, నెట్టకుండా దానంతట అది కూర్చోవాలి. కూర్చోకపోతే రాడ్డు పొడవు మార్చాలి. ఐడిల్ ఎక్కడ ఆగాలో చెప్పాల్సింది స్టాప్ స్క్రూ, రాడ్డు కాదు. ఆ తర్వాత నేను లోపల కూర్చుని యాక్సిలేటర్ నేలకి తొక్కా, ఆయన బయట చూశాడు. ప్లేట్ పూర్తిగా తెరుచుకోవాలి, వదిలితే వెంటనే మూసుకోవాలి. ఇరవై సార్లు తొక్కించాడు. ఆఖర్న రెండో రిటర్న్ స్ప్రింగ్ తగిలించాడు, ఒకటి తెగినా ఇంకోటి ఉంటుందని.

ఇప్పుడు స్క్రూలు. పాయింట్ల గ్యాప్, టైమింగ్ ముందే సరిగా ఉండాలి. ఇంజన్ బాగా వేడెక్కాలి, చోక్ పూర్తిగా లోపలికి ఉండాలి, గేర్ న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. వేడెక్కాక ఇంజన్ ఆపి మిక్చర్ స్క్రూ మెల్లగా ఆగేదాకా బిగించి (గట్టిగా బిగిస్తే మొన పాడవుతుంది), ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పండి. మళ్లీ స్టార్ట్ చేసి స్టాప్ స్క్రూతో స్పీడు 800 దగ్గరికి తేండి. తర్వాత మిక్చర్ స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పుతూ ఇంజన్ ఎక్కడ అన్నిటికంటే వేగంగా, నున్నగా తిరుగుతుందో పట్టుకోండి. స్పీడు పెరిగితే మళ్లీ స్టాప్ స్క్రూతో దించండి.

800 అని ఎలా తెలుస్తుంది, మన బండికి ఆర్పీఎం మీటర్ లేదు కదా? ఫోన్ ఉంది! సౌండ్ స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఏదైనా వేసుకోండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక్కో చుట్టుకి రెండు సార్లు పేలుతుంది. 800 చుట్లంటే నిమిషానికి 1600 పేలుళ్లు, సెకనుకి సుమారు 27. గ్రాఫ్‌లో 27 హెర్ట్జ్ దగ్గర గీత రావాలి. ఫోన్ మైక్‌కి అంత లోతు వినపడకపోతే దానికి రెట్టింపు, 53 దగ్గర చూడండి. బాబాయ్ మాత్రం చెవితోనే పెట్టేశాడు. యాప్‌లో చూస్తే 26. నేను నోరు మూసుకున్నా.

పొల్యూషన్ టెస్ట్‌కి కూడా ఇదే పని. భారత్ స్టేజ్ రూల్స్ రాకముందు తయారైన పెట్రోల్ కార్లకి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. మాది 2.1 వచ్చింది. ఆర్సీ రెన్యువల్‌కి ఆ కాగితం కావాలి కాబట్టి ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఒక్కటి మిగిలింది. ఆగి ఉన్న బండిని కదిలించగానే ఒక క్షణం తడబడుతోంది. నాకు యాక్సిలరేటర్ పంప్ మీద అనుమానం. ఆదివారం విప్పుతా, ఈసారి పాత పంపుని పక్కన పెట్టుకుని. నిన్న నాన్న మళ్లీ రేపల్లె వెళ్లొచ్చారు. బయల్దేరే ముందు బానెట్ ఎత్తి, వేలితో లివర్ ఓసారి లాగి వదిలి చూసుకున్నారు.